పాత్రల పొత్తు – పాత్రధారుల పొందిక

విద్యార్థులచేత పాత్రలు ధరింపజేయుట మన పాఠశాలలకు క్రొత్త కాదు. వార్షికోత్సవము వచ్చినదనిన ఏదో యొక ఏకాంకికయో, పద్యనాటకములోని యొక రంగమో ప్రదర్శింపబడుచునే యుండును. అయితే వ్రాసియున్న మాటలను వల్లించి రంగస్థలముపై అప్పగించుట యొక విధము. వ్రాతప్రతి లేకుండ, తాను ధరించిన పాత్ర ఆ సమయమున ఏమనునో, ఏమి చేయునో అప్పటికప్పుడు యోచించి పలుకుట వేరొక విధము. ఈ రెండవది వినోదమునకు వినోదము, విద్యకు విద్య. కాని దీనియందు ఒక చిక్కు కలదు. ఒకే పాత్రను ఇద్దరు కోరుదురు. లేదా ఇద్దరి పాత్రలకు పేర్లు వేరైనను పని ఒక్కటియే యగును. దానివలన పిల్లలలో పిల్లలకు మనస్పర్థలు కలుగును. ఈ చిక్కును విప్పు మార్గములెట్టివో మాకు తెలిసినంతలో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ముందుగా ఈ క్రీడాస్వరూపమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1974వ సంవత్సరమున అమెరికా దేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. దీనికి రంగస్థలము లేదు, వేషములు లేవు. కొందరు ఒక బల్లచుట్టు కూర్చుందురు. వారిలో ఒకడు సూత్రధారి. “మీరొక కొండగుహ ముందు నిలిచియున్నారు, లోపలినుండి ఏదో చప్పుడు వినవచ్చుచున్నది” అని అతడు సన్నివేశమును చెప్పును. తక్కినవారు తమ తమ పాత్రలు ఏమి చేయునో చెప్పుదురు. ఆ పని నెరవేరునా, నెరవేరదా అను సందేహము కలిగినచో పాచికలు వేసి నిర్ణయింతురు. తొలి గ్రంథములలో యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు అను మూడు తరగతుల పాత్రలే యుండెను. 1975లో వెలువడిన అనుబంధముతో దొంగ అను నాలుగవ తరగతి చేరెను. యోధుడు కత్తి పట్టును. మాంత్రికుడు మంత్రము వేయును. అర్చకుడు గాయములను మాన్పును. దొంగ తాళములు తీయును. ఒకడు చేయలేని పనిని వేరొకడు చేయును గనుక నలుగురును ఒకరికొకరు అవసరమగుదురు. ఈ పని విభజనయే ఆ యాటకు ప్రాణము.

ఇది విదేశపు వింత యని మనవారు భ్రమపడనక్కరలేదు. తెలుగువారికి భువనవిజయ మను సాహిత్యరూపకము కలదు గదా! ఉగాదికిని, సాహిత్యోత్సవములకును మన సంఘములవారు దీనిని ఏర్పాటు చేయుదురు. సముద్రములు దాటి వెళ్ళిన తెలుగువారును తమ సభలలో దీనిని విడువలేదు. ఒకరు శ్రీకృష్ణదేవరాయలుగా సింహాసనముపై కూర్చుందురు. తక్కినవారు అల్లసాని పెద్దన, నంది తిమ్మన, ధూర్జటి, మాదయగారి మల్లన, అయ్యలరాజు రామభద్రుడు, పింగళి సూరన, భట్టుమూర్తి, తెనాలి రామకృష్ణుడు అను అష్టదిగ్గజములుగా సభ తీర్తురు. పద్యములు చదువుదురు, వాదింతురు, ఛలోక్తులు విసురుదురు. ఇందు మాటలన్నియు ముందుగా వ్రాసియుంచినవి కావు. పాత్రను తెలిసికొని, ఆ పాత్ర నోట తన మాటను పలికించుటయే ఇందలి నేర్పు. కనుక బల్లచుట్టు ఆడు ఆ యాటకు మన భువనవిజయము దగ్గరి చుట్టమనియే చెప్పవలెను.

ఇచట చరిత్ర విషయ మొకటి పిల్లలకు తప్పక చెప్పవలెను. రాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలెను. అష్టదిగ్గజములందరును ఆయన సభలో ఒక్కకాలమున కూర్చుండియుండిరని చెప్పుటకు వీలులేదు. భట్టుమూర్తి రచించిన వసుచరిత్రము, 1565 నాటి తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట రాజ్యమేలిన తిరుమలరాయల కంకితమైనది. కావున భువనవిజయమున మనము చూచునది చరిత్ర కాదు, పాత్రధారణ. ఈ భేదము తెలిసిన విద్యార్థి పాత్రను స్వేచ్ఛగా ధరింపగలడు, చరిత్రను శ్రద్ధగా చదువగలడు.

ఇక చిక్కునకు వత్తము. పాత్రల కలయిక రెండు విధములుగా నుండును. మొదటిది పేరే ఒక్కటియగుట, అనగా ఒకే పాత్రను ఇద్దరు ధరించుట. రెండవది పేర్లు వేరైనను పని ఒక్కటియగుట. మొదటిది కంటికి వెంటనే కనబడును. రెండవది ఆట సగమైన పిదప గాని తెలియదు. అందుచేత అదియే ఎక్కువ కీడు చేయును.

మొదటి దానికి మన పద్యనాటకరంగము ఏనాడో మార్గము చూపినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ప్రదర్శించునపుడు ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనబడుట మన గ్రామములందు పరిపాటి. పడక సీనులో నొకరు, రాయబారమున వేరొకరు కృష్ణ పాత్రను ధరింతురు. తెల్లవార్లు కూర్చుండిన ప్రేక్షకులకు ఇది యెబ్బెట్టుగా తోచదు. పైగా, ఏ కృష్ణుడు ఏ పద్యమునెట్లు పాడెనని మరునాడు పోల్చి చెప్పుకొందురు. ఈలపాటతో పద్యములను పలికించిన కళ్యాణం రఘురామయ్యగారును కృష్ణులే. మన పొరుగుననున్న విజయనగర మండలమునకు చెందిన పీసపాటి నరసింహమూర్తిగారును కృష్ణులే. పాత్ర ఒక్కటి, దానిని పండించిన తీరు ఎవరిది వారిదే.

ఈ యేర్పాటునందు రెండు నియమములు దాగియున్నవి. రంగములు ముందుగా పంచుకొనబడియుండుట మొదటి నియమము. ఎవని రంగమున వాడే కృష్ణుడు. తెరవెనుకనున్న రెండవ కృష్ణుడు నడుమ తల దూర్చడు. మొదటి కృష్ణుడు ఇచ్చిన మాటకు రెండవ కృష్ణుడు కట్టుబడియుండుట రెండవ నియమము. పడక సీనులో కృష్ణుడు ఆయుధము పట్టనని పలికినాడు. ఆ మాట పలికినది తాను కాదుగదా యని తరువాతి కృష్ణుడు ఆయుధము పట్టినచో కథయే చెడును. పిల్లలచేత పాత్రను పంచుకొనజేయునపుడు ఈ రెండు నియమములను ముందే చెప్పవలెను. “నీవు విడిచిన చోట నీ తోటివాడు అందుకొనును, వాడు చెప్పినది నీవు చెప్పినట్లే” అని బోధింపవలెను.

పాత్రను పంచుటకు వేరొక మార్గమును కలదు. భువనవిజయమున సాధారణముగా పిల్లలందరికిని తెనాలి రామకృష్ణుడే కావలెను. నవ్వించువాడు వాడే గదా! ఇద్దరు పట్టుబట్టినచో చీట్లు వేయుట సులభము. కాని ఓడిన పిల్లవాడు మిగిలిన పాత్రను మనస్సులేక ధరించును. అంతకంటె, తెనాలి రామకృష్ణుని ఇద్దరిగా భావింపవచ్చును. జనులు చెప్పుకొను కథలలో చిక్కులు విప్పెడి వికటకవి యొకడు. పాండురంగమాహాత్మ్యమును రచించి, నిగమశర్మ అక్కవంటి సజీవమైన గృహిణిని చిత్రించిన మహాకవి యొకడు. ఒక విద్యార్థి ఆ వికటకవి కావచ్చును. మరియొకడు ఆ మహాకవి కావచ్చును. “నీవు చేసిన కొంటెపనులన్నియు జనులు నాకంటగట్టిరి” అని కవి వికటకవిని నిలదీసినచో సభకు ఎంత చక్కని వినోదము! పాత్రకు పోటీయని తలచినది సంభాషణగా మారును.

ఇక రెండవ విధమగు కలయికను గూర్చి. అష్టదిగ్గజములందరును కవులే. అందరును పద్యము చదివి, అందరును రాయలను పొగడినచో, ఎనిమిదిమంది కూర్చున్నను ఒక్కడు కూర్చున్నట్లే యుండును. అప్పుడు కంఠము పెద్దదైనవాడు సభను దోచుకొనును. తక్కినవారు అలంకారప్రాయముగా నుందురు. దీనికి మందు ప్రతి పాత్రకును తనదగు నొక పనిని కల్పించుట. పెద్దన ఆంధ్రకవితాపితామహుడు, సభలో పెద్ద. వాదము ముదిరినపుడు తీర్పు చెప్పవలసినవాడు. పారిజాతాపహరణము వ్రాసిన తిమ్మన, అలిగినవారి మనస్సు తెలిసినవాడు. ధూర్జటి శివభక్తుడు, రాజులను పొగడుట ఆయనకు గిట్టదు. సూరన కళాపూర్ణోదయమున కథలో కథను అల్లినవాడు, రాఘవపాండవీయమున రెండు కథలను ఒక్క పద్యమున చెప్పినవాడు. ఏ మాటకైనను రెండవ అర్థమును లాగుట ఆయన పని. ఇట్లు పంచినచో ధూర్జటి ధిక్కారమును, రామకృష్ణుని పరిహాసమును ఒక్కటి కానేరవు. రెండును రాజునకు ఎదురు పలుకులే. కాని ఒకటి భక్తినుండి పుట్టినది, ఒకటి చమత్కారమునుండి పుట్టినది.

పుస్తకములోని పాత్రలకు ఇది తగునుగాని, పిల్లలు తామే కల్పించుకొను పాత్రలకు ఎట్లని యెవరైన అడుగవచ్చును. మన ప్రాంతపు ఉదాహరణమునే తీసికొందము. శివరాత్రికి గుప్తేశ్వరమునకు యాత్ర పోవు జట్టు నొకదానిని ఊహింపుడు. సాలవనములు, కొలాబు నది, గుహలోని శివలింగము మన బొయిపరిగుడ పిల్లలు ఎరిగినవే. ఉపాధ్యాయుడు సూత్రధారి. అయిదుగురు పిల్లలు యాత్రికులు. పాచికలకు బదులు ఆరు గవ్వలు చాలును. మూడుగాని, అంతకు మించిగాని వెల్లకిల పడినచో తలపెట్టిన పని నెరవేరినట్లు. ఒకడు నాటువైద్యుడు, ఒకడు వర్తకుడు, ఒకతె కథలు చెప్పు అవ్వ. మిగిలిన యిద్దరును “మేము దారి చూపువారము” అందురు. అప్పుడేమి చేయవలెను?

ఒకనిని మానుమని చెప్పరాదు. ఇద్దరిని వేర్వేరుగా పిలిచి నాలుగు ప్రశ్నలు వేయవలెను. నీ పాత్రకు బాగుగా తెలిసినదేమి? బొత్తిగా తెలియనిదేమి? అతడు దేనికి వెరచును? జట్టులో ఎవరిని నమ్మును? ఈ ప్రశ్నలకు ఇద్దరు పిల్లలు ఒకే సమాధాన మిచ్చుట చాల అరుదు. ఒకడు అడవిలో మృగముల అడుగుజాడలు తెలియునని చెప్పును. రెండవవాడు పల్లెపల్లెకు సంతలకు తిరిగినాననియు, దేశియా భాషలో మాటాడి బస సంపాదింతుననియు చెప్పును. చూడుడు, దారి చూపువారిద్దరును ఇద్దరుగానే నిలిచిరి! ఒకడు అడవికి దారి చూపును, ఒకడు మనుష్యులవద్దకు దారి చూపును. వారిని అన్నదమ్ములుగా చేసినచో బంధమును కుదురును. ఇక సూత్రధారి చేయవలసిన దొక్కటి. అడవిలో దారి చీలిన చోటును, చీకటిపడి పల్లెలో ఆశ్రయము కోరవలసిన చోటును, రెంటిని కథలో చేర్చవలెను. నేర్పు చూపుటకు అవకాశము రాని పాత్రకు నేర్పు ఉండియు లేనట్లే.

అయితే ఒక హెచ్చరిక. కలయిక యెల్లప్పుడు దోషము కాదు. లవకుశులు ఒకే పాట పాడిరి. వారి పోలికయే కథకు అందము. ఇద్దరు స్నేహితులు ఇష్టపడి ఒకే తీరు పాత్రలను ధరించి ఆనందించుచున్నచో ఉపాధ్యాయుడు పనిగట్టుకొని వేరు చేయనక్కరలేదు. “ఈ పాత్ర లేకున్నచో కథకు లోటు కలుగునా?” అని ప్రతి పాత్రను గూర్చి ప్రశ్నించుకొనుటయే పరీక్ష. కలుగునను సమాధానము వచ్చినంతకాలము చింత లేదు. రానప్పుడు, ఆ పాత్ర వెనుక ఒక పిల్లవాడు ఊరక కూర్చుండియున్నాడని గ్రహింపవలెను.

పాత్రల సంగతి యిట్లుండగా, పాత్రధారుల సంగతి వేరు. ఎంత చక్కగ పంచినను ఒకడు అందరి మాటలను తానే యాడును. ఒకడు నోరే విప్పడు. దీనికి మన అవధానవిద్యలో చక్కని కట్టుబాటు కలదు. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి, దత్తపది రెండును కవిని బంధించునవే. పైకి ఒక్కటిగా తోచును. కాని మొదటిది ఈ అక్షరము వాడవలదనును. రెండవది ఈ పదము వాడితీరవలెననును. కనుక ఒకదాని పని ఒకటి చేయదు. పద్యములను అవధాని ఒక్కసారిగా చెప్పడు. మొదటి యావృత్తమున ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము, తరువాతి యావృత్తమున రెండవ పాదము, ఇట్లు వరుసగా తిరుగును. ఎంతటి పండితుడైన పృచ్ఛకుడును తన వంతు వచ్చువరకు వేచియుండవలసినదే. మా పిల్లల యాటలలో ఈ యావృత్త పద్ధతినే పాటించుచున్నాము. ఒక చుట్టులో ఒకనికి ఒక పని, ఒక మాట. చుట్టు పూర్తియైనగాని రెండవ మాట లేదు. మౌనముగా నుండు పిల్లవానిని మాటాడుమని గద్దించుటకంటె, “నాయనా, ఈ చుట్టు నీతో మొదలు” అని చెప్పుట మేలు.

మరి వాచాలుని మాట? అవధానము వానికిని చోటు చూపినది. అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకునకు నడుమ నడుమ అడ్డుతగులుటయే పని. వాని అల్లరి సభకు ఆనందము నిచ్చును, ఏలయన దానికి హద్దు కలదు. అవధాని ఏకాగ్రతను పరీక్షించుట వాని హక్కు; తోటి పృచ్ఛకుని వంతును హరించుట వాని హక్కు కాదు. అట్లే మాటకారియైన విద్యార్థికి ఊరి దండోరా వేయువాని పాత్రనో, విదూషకుని పాత్రనో ఇచ్చి, చుట్టునకు ఒక్కసారి అడ్డుతగులు అధికారము నొసగినచో, వాడు తన యుత్సాహమును అణచుకొనక అదుపులో నుంచుకొనుట నేర్చును.

ఇంకొక ముఖ్యవిషయము కలదు. పాత్రల కలహము పాత్రలదిగానే యుండవలెను. దుర్యోధనుడు కృష్ణుని నిందింపవచ్చును. దుర్యోధన పాత్రధారి కృష్ణ పాత్రధారిని నిందింపరాదు. హద్దు దాటినట్లు తోచినచో సూత్రధారి ఆటను నిలిపి, ఆ యిద్దరిని పాత్రల పేర్లతో గాక సొంత పేర్లతో పిలిచి మాటాడవలెను. పిల్లవాడు చేసిన తప్పునకు కథలో వాని పాత్రను పులిచేత చంపించి శిక్షించుట తగదు. దానివలన తప్పు దిద్దబడదు. కథ మాత్రము చెడును.

ఈ నియమములన్నియు ఒక యాటకొరకా యని పెద్దలు అనవచ్చును. ఆటకొరకు మాత్రమే కాదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీవరకు కోరాపుట్టు ప్రాంతము మద్రాసు రాజధానిలోనుండి, ఆనాడు క్రొత్తగా ఏర్పడిన ఒడిషా రాష్ట్రమున చేరెను. ఇచటి తెలుగువారు అప్పటినుండి భాషాల్పసంఖ్యాకులు. అల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను స్థాపించుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ఆదేశించినది. చట్టము తరగతిని తెరువగలదు. పిల్లవాని నోరు తెరిపింపలేదు. మా పిల్లలు ఇంట తెలుగును, వీధిలో దేశియాను, కచేరీలవద్ద ఒడియాను విందురు. కొందరి తెలుగున ఆ భాషల మాటలు కలియును. పాత్రధారణలో వ్రాతప్రతి యుండదు గనుక ఆ మాటలు తప్పక బయటపడును. అప్పుడు తోటివారు పకపక నవ్విరా, ఆ పిల్లవాడు మరునాడు మూలకు చేరును. కొంతకాలమునకు తెలుగు తరగతికే రాకపోవును. పిల్లల సంఖ్య తక్కువగానున్న తెలుగు తరగతికి ఒక్క పిల్లవాడు తగ్గుట చిన్న నష్టము కాదు.

అందుచేతనే పైన చెప్పిన యాత్రలో దేశియా తెలిసిన పిల్లవానికి గౌరవమైన పాత్ర కల్పించితిమి. వాని భాషాజ్ఞానము లోపముగా గాక జట్టునకు బలముగా కనబడవలెను. జయపుర సంస్థానాధీశ్వరులైన విక్రమదేవవర్మగారు (1869–1951) తెలుగు, ఒడియా రెండు భాషలందును రచనలు చేసిరి. రెండు భాషలెరిగినవాని తెలుగు తక్కువదని ఎవరనగలరు? దోషమున్నచో ఆట ముగిసిన పిదప, అందరియెదుట గాక, ఆ పిల్లవానికి నెమ్మదిగా చెప్పవలెను.

కడపట ఒక జంటను స్మరింతము. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇరువురును కవులు, ఇరువురును అవధానులు. నేర్పులు కలిసిన ఇరువురు ఒకరినొకరు త్రోసివేసికొనుట లోకమున సాధారణము. వారు అట్లు చేయక తిరుపతి వేంకటకవులను ఒక్క పేరిట నిలిచిరి. తిరుపతిశాస్త్రిగారు 1920లో స్వర్గస్థులైన పిదప వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించియు, తన రచనలను ఆ జంటపేరుతోనే ప్రకటించిరి. నేడు కృష్ణుని పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకొను ఆ నాటకములు వ్రాసినది ఆ జంటయే.

కావున ఉపాధ్యాయ మిత్రులకును, తల్లిదండ్రులకును మా మనవి యిది. పిల్లలు ఒకే పాత్రకై పెనుగులాడినపుడు దానిని అల్లరి యని త్రోసివేయకుడు. ఆ పాత్రపై వారికి గల ప్రీతికి అది గుర్తు. పేరును పంచుడు, లేదా పనిని పంచుడు. వంతును మాత్రము అందరికి సమముగా నుంచుడు. బల్లచుట్టు కూర్చున్న అయిదుగురిలో ప్రతివాడును ఆ దినమున ఒక్క మాటయైనను తెలుగున, తన యిచ్చవచ్చినట్లు, నిర్భయముగా పలికి లేచినచో ఆ యాట సఫలమైనట్లే.